‘రక్తం తక్కువ’ అన్నది జబ్బు పేరు కాదు

మన తెలుగునాట ఏ ఇంటికి వెళ్ళినా, "నాకు రక్తం తక్కువగా ఉందన్నారండీ" అని చెప్పేవారు కనీసం ఒక్కరైనా కనబడతారు. చెప్పేటప్పుడు వారి గొంతులో ఒక విధమైన నిశ్చింత ఉంటుంది. జబ్బేమిటో తెలిసిపోయింది, మాత్రలు రాశారు, దానిమ్మపళ్ళూ ఖర్జూరాలూ తినమన్నారు, ఇక కథ ముగిసిందన్న ధీమా అది. ఒక జిల్లా కేంద్రంలోని రక్తపరీక్షల శాలలో మూడు దశాబ్దాలకు పైగా సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న నాకు మాత్రం ఆ మాట వినగానే కథ అక్కడే మొదలైనట్టు తోస్తుంది.

‘జ్వరం’ జబ్బు పేరు కానట్టే ‘రక్తం తక్కువ’ కూడా జబ్బు పేరు కాదు. ఇంట్లో డబ్బు నిలవడం లేదన్న సంసారి గోడు లాంటిది అది. ఎందుకు నిలవడం లేదు? సంపాదన చాలడం లేదా, ఖర్చు మితిమీరిందా, ఇంట్లో దొంగ ఉన్నాడా? రక్తం విషయంలోనూ అడగవలసినవి ఈ మూడే. ఎముకల మూలుగలో సరిగా తయారు కావడం లేదా, ఎక్కడో కారిపోతోందా, తయారైన కణాలు ఆయువు తీరకుండానే లోపల విరిగిపోతున్నాయా? ఈ మూడింటిలో ఏదో తేలిన తరువాతనే వైద్యం మొదలు కావాలి. మన దగ్గర చాలా సందర్భాలలో అది తేలకుండానే మొదలై, తేలకుండానే ముగుస్తోంది. ఈ వ్యాసంలో నా ఫిర్యాదు అంతా ఈ ఒక్క విషయం గురించే.

పూర్వం వైద్యులు కింది కనురెప్ప లాగి చూసేవారు. నాలుక చూసేవారు, గోళ్ళు చూసేవారు. కడుపు తడిమి ‘బల్ల’ ఉందేమో, అంటే ప్లీహం పెరిగిందేమో గమనించేవారు. మలం నల్లగా వస్తోందా, నెలసరి ఎన్ని రోజులు ఉంటోంది, ఇంట్లో పచ్చకామెర్లు ఎవరికైనా తరచూ వస్తాయా అని అడిగేవారు. వారి దగ్గర అంకె లేదు కనుక ప్రశ్నలు ఉండేవి. ఇప్పుడు సి.బి.పి. అని మూడక్షరాలు రాస్తే నిమిషంలో యంత్రం ఇరవై దాకా అంకెలు అచ్చువేసి ఇస్తుంది. అందులో హిమోగ్లోబిన్ ఒక్కటీ లావుపాటి అక్షరాలలో, పక్కన కిందికి చూసే బాణంతో ఉంటుంది. వైద్యుడి కన్నూ రోగి కన్నూ ఆ బాణం దగ్గరే ఆగిపోతాయి. తక్కిన పందొమ్మిది అంకెలూ పెళ్ళిలో పిలవని పేరంటాళ్ళలా ఆ కాగితం మీదనే మిగిలిపోతాయి. నిజానికి అసలు సంగతి చాలాసార్లు వాటిలోనే ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక పాతికేళ్ళ అమ్మాయి రెండో కాన్పు ఆరో నెలలో మా శాలకు వచ్చింది. చేతిలో పాత కాగితాల కట్ట. మొదటి కాన్పు నాటి నుంచీ ఇనుము మాత్రలు మింగుతూనే ఉంది, మధ్యలో ఇనుము సూదులు కూడా పడ్డాయి. హిమోగ్లోబిన్ మాత్రం పది, పదకొండు దగ్గరే కదలక మెదలక కూర్చుంది. "మాత్రలు సరిగా వేసుకోవడం లేదు కదూ" అని ప్రతిచోటా చీవాట్లు తిన్నదట. నేను ఆమె గర్భిణి కాక మునుపటి కాగితం ఒకటి తీసి చూశాను. హిమోగ్లోబిన్ 10.8. ఎర్రకణాల సంఖ్య 56 లక్షలు. కణపు సగటు పరిమాణం, అంటే ఎం.సి.వి., 64.

రక్తహీనత ఉన్న మనిషికి ఎర్రకణాలు 56 లక్షలేమిటి? ఇనుము లేనప్పుడు మూలుగ పేదింటి వంటలా కణాలనూ తక్కువే చేస్తుంది, చేసినవీ చిన్నవిగానే ఉంటాయి. ఇక్కడ కణాలు చిన్నవే గాని లెక్కకు కొదవ లేదు. అంటే ముడిసరుకు ఉంది, అచ్చులో లోపముంది. ఎం.సి.వి.ని ఎర్రకణాల సంఖ్యతో (మిలియన్లలో) భాగించి చూసే ఒక చిన్న లెక్కను 1973లో మెంట్జర్ ప్రతిపాదించాడు. భాగఫలం 13కు పైన వస్తే ఇనుము లోపం వైపు, దిగువన వస్తే తలసీమియా వాహకత్వం వైపు మొగ్గు. 64ను 5.6తో భాగిస్తే పదకొండున్నర లోపు వస్తుంది. ఈ లెక్క తీర్పు కాదు, అనుమానం మాత్రమే. తీర్పు చెప్పేది హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష. మూడున్నర శాతం మించితే బీటా తలసీమియా వాహకులని నిర్ణయిస్తారు. (ఇక్కడా ఒక మెలిక ఉంది. నిజంగా ఇనుము లోపం కూడా తోడైతే ఈ ఎ2 కిందికి దిగి, వాహకత్వాన్ని కప్పిపుచ్చగలదు. అందుకే ఫెరిటిన్ కూడా చూడాలి. ఒంట్లో వాపో, అంటురోగమో ఉంటే ఆ ఫెరిటిన్ తానే పైకి లేచి మోసం చేస్తుంది. రక్తం కాగితంలో ఏ అంకే ఒంటరిగా నిజం చెప్పదు.)

వాహకురాలైతే ఏమిటట అని అడగవచ్చు. ఆమెకు ఏమీ కాదు. ఆమె ఆయుర్దాయానికీ ఆరోగ్యానికీ ఢోకా లేదు. ఆమెకు అక్కరలేని ఇనుము పెట్టామన్నది కూడా చిన్న సంగతే. పెద్ద సంగతి ఆమె పక్కన కూర్చున్న భర్త. అతడు ఆమె మేనబావ. మన సమాజంలో మేనరికాలు ఎంత మామూలో చెప్పనక్కరలేదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు పెద్ద తలసీమియా వస్తుంది. ఆ బిడ్డకు మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో చేరే ఇనుము గుండెలోనూ కాలేయంలోనూ పేరుకోకుండా దాన్ని వెళ్ళగొట్టే మందులు రోజూ వాడాలి. ఈ అవకాశాన్ని గర్భం దాల్చిన పది పన్నెండు వారాలలోనే మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి తెలుసుకోవచ్చు. ఆమె నా దగ్గరకు వచ్చినది ఆరో నెలలో. మొదటి కాన్పుకు మునుపటి కాగితంలోనే ఆ 56 లక్షలూ, ఆ 64 అచ్చై ఉన్నాయి. భర్తకు పరీక్ష చేశాము, అతడూ వాహకుడే. మిగిలిన మూడు నెలలు ఆ ఇంట్లో ఎవరు ఎలా నిద్రపోయారో నాకు తెలియదు. అదృష్టవశాత్తు ఆ బిడ్డ ఏడాది నిండాక చేసిన పరీక్షలో తల్లిదండ్రుల లాగా వాహకుడని మాత్రమే తేలాడు. ఆ మూడు నెలల ఆందోళన మాత్రం వారికి అనవసరంగా పంచిపెట్టినది, ముందే కాగితం చదివి ఉంటే ఆ దంపతులకు ఎంచుకునే వీలుండేది.

మందు ఇస్తే అంకె కదలకపోవడం ఒక రకం చిక్కు. అంతకన్న ప్రమాదకరమైనది, మందు ఇస్తే అంకె చక్కగా పెరగడం.

ఇది చెప్పాలంటే మన యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకుడైన ఆ మహానుభావుడి పర్యవేక్షణలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగారు. దానికి ముందు కథ కూడా మన దేశంలోనే నడిచింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, అక్కడి నేతమిల్లులలో పనిచేసే పేద గర్భిణులకు వచ్చే రక్తహీనతను పరిశీలించింది. వారి కణాలు చిన్నవి కావు, మామూలుకన్న పెద్దవి. అది ఇనుము జబ్బు కాదని గ్రహించి, ఈస్టు సారంతో వారికి నయం చేసి 1931లో ప్రకటించింది. ఆ సారంలోని గుణమే తరువాత ఫోలిక్ ఆమ్లమని తేలింది.

ఫోలిక్ ఆమ్లం మాత్రగా చేతికందగానే వైద్యులు దాన్ని ‘పెర్నిషస్ అనీమియా’ రోగులకూ ఇచ్చి చూశారు. రక్తం అద్భుతంగా పుంజుకుంది. కాని నెలలు గడిచేసరికి కొందరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి, నడక తడబడింది, వెన్నుపాములోని నరాలు దెబ్బతిన్నాయి. వారికి కొరవడినది ఫోలిక్ ఆమ్లం కాదు, అప్పటికింకా శుద్ధరూపంలో చేతికందని బి12. అది దొరికినది 1948లో. ఫోలిక్ ఆమ్లం మూలుగ అవసరాన్ని తీర్చింది గాని నరాల అవసరాన్ని తీర్చలేదు. కాగితం మీద హిమోగ్లోబిన్ పెరుగుతూ ఉండగా మనిషి కుంటివాడవుతున్నాడు. ఇంతకన్న స్పష్టమైన హెచ్చరిక వైద్య చరిత్రలో నాకు కనబడదు. అయినా నేటికీ, జీవితమంతా శాకాహారమే తిన్న డెబ్బయ్యేళ్ళ పెద్దావిడ పాదాలలో చీమలు పాకినట్టుందని చెబితే, ఎం.సి.వి. 112 ఉన్న కాగితం పక్కన పెట్టి ఇనుమూ ఫోలిక్ ఆమ్లమూ కలిసిన ‘బలం మాత్రలు’ మాత్రమే రాసి పంపే చీటీలు నేను చూస్తూనే ఉన్నాను.

సుబ్బారావు కథలో మరో మలుపు కూడా ఉంది. రక్తం కాన్సరుతో బాధపడే పసిపిల్లలకు ఫోలిక్ ఆమ్లపు సంయోగ పదార్థాలు మేలు చేస్తాయేమోనన్న ఆశతో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాడి చూస్తే, జబ్బు వేగం పుంజుకున్నట్టు కనిపించింది. ఆయన దాన్ని దాచలేదు, తలకిందులు చేసి ఆలోచించాడు. ఇది ఎరువైతే, దీనికి విరోధి విషం కావాలి కదా? ఆ విరోధి పదార్థం, అమినాప్టెరిన్, సుబ్బారావు బృందం నుంచే వచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లలలో 10 మందికి జబ్బు తాత్కాలికంగానైనా వెనుకంజ వేసింది. బొంబాయి గర్భిణికి ప్రాణదానం చేసిన పదార్థమే బోస్టన్ బిడ్డ విషయంలో శత్రువైంది. ఇద్దరి కాగితాల మీదా ‘రక్తం తక్కువ’ అనే ఉంటుంది సుమా!

ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మాకు దూరపు చుట్టం, వరసకు బాబాయి, విశ్రాంత ఉపాధ్యాయుడు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని వెళితే హిమోగ్లోబిన్ 6.8 ఉందన్నారు. రెండు సీసాల రక్తం ఎక్కించి, ఇనుము మాత్రలిచ్చి పంపారు. ఆ వైద్యశాల పేరు ఇక్కడ అనవసరం, పేరు మార్చితే ఏ ఊళ్ళోనైనా జరిగేదే. నెల తిరిగేసరికి 10 దాటింది. బాబాయి సంతోషించాడు, పిన్ని గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది. ఎనిమిది నెలల తరువాత మళ్ళీ ఆయాసం. అప్పుడు వేరొక వైద్యుడు అడిగాడు, "మాస్టారూ, మీకు నెలసరి లేదు, కాన్పులు లేవు, తిండికి లోటు లేదు. మరి మీ ఇనుము ఎక్కడికి పోతున్నది?" పెద్దపేగులో కంతి బయటపడింది, అప్పటికే కాలేయానికి పాకింది. నడివయసు దాటిన మగవాడికి ఇనుము లోపం ఉందంటే, కాదని రుజువయ్యేదాకా కడుపులోనో పేగులోనో రక్తం కారుతోందనే అనుకోవాలన్నది వైద్యవిద్యార్థులు పరీక్షలో రాసే జవాబే. పరీక్ష గది దాటాక అది ఎందుకు మరుపుకు వస్తుందో నాకు అర్థం కాదు. ఇక్కడ మందు పనిచేయలేదని ఎవరూ అనలేరు. అది బాగా పనిచేసింది. అది పనిచేయడం వల్లనే ఎనిమిది నెలలు ఎవరూ వెతకలేదు.

రక్తం ఎక్కించడం గురించి ఒక్క మాట. 1999లో కెనడాలో అత్యవసర చికిత్సా విభాగాలలోని 838 మంది రోగులను రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకు హిమోగ్లోబిన్ 10కి తగ్గగానే రక్తమిచ్చారు, రెండో జట్టుకు 7కు దిగేదాకా ఆగారు. ఆగినవారు ఏ విధంగానూ నష్టపోలేదు. ‘ఒక సీసా ఎక్కిస్తే పోలా’ అన్న మాట అప్పటినుంచైనా మన నోట తగ్గవలసింది.

ఇక ప్లేట్‌లెట్లు. (వీటిని ‘రక్తఫలకికలు’ అనమని నన్ను ఒక భాషాభిమాని కోరాడు. అంటే నా దగ్గరికి వచ్చే రోగులు నన్నే ఆసుపత్రిలో చేర్పిస్తారు.) వానాకాలం వస్తే చాలు, డెంగీ జ్వరాలతోపాటు ఈ మాట పల్లె రచ్చబండ దాకా పాకుతుంది. పొద్దున 60 వేలు, సాయంత్రం 40 వేలు, రేపు ఎంతకు దిగుతుందో అని క్రికెట్ స్కోరులా బంధువులందరికీ ఫోనులు వెళతాయి. బొప్పాయి ఆకు రసాలు దిగుతాయి. దాతల కోసం పరుగులు.

మొట్టమొదట, ఆ అంకె నిజమో కాదో చూడాలి. కొందరి రక్తం, గడ్డకట్టకుండా సీసాలో పోసే ఇ.డి.టి.ఎ. అనే ద్రవ్యం తగిలితే ప్లేట్‌లెట్లను గుంపులు గుంపులుగా అతికిస్తుంది. యంత్రం గుంపును లెక్కపెట్టలేదు. లక్షన్నరకు పైగా ఉన్న ఆరోగ్యవంతుడికి 25 వేలని అచ్చువేస్తుంది. ఒక చుక్క గాజు పలక మీద పరచి, లీష్‌మన్ రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తే గుంపులు గుంపులుగా కళ్ళకు కడతాయి. సిట్రేటు సీసాలో మళ్ళీ తీసి లెక్కిస్తే చిక్కు విడిపోతుంది. 

అంకె నిజమే అనుకుందాం. 15 వేలు. ఈ ఒక్క అంకెతో నలుగురు మనుషులను ఊహించండి. డెంగీ జ్వరం తగ్గుముఖం పట్టిన యువకుడు, ఎక్కడా రక్తస్రావం లేదు. సింగపూరు, మలేసియాలలో ఇటువంటి పెద్దవాళ్ళ మీద, 20 వేలు అంతకు తక్కువ ఉన్నవారి మీదనే, చేసి 2017లో ప్రచురించిన పరిశీలనలో ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల రక్తస్రావం తగ్గలేదు, పైపెచ్చు దుష్ఫలితాలు పెరిగాయి. అతడిని నిజంగా చంపగలిగేది రక్తనాళాల నుంచి నీరు ఊరిపోవడం. కాబట్టి చూడవలసినవి నాడి, రక్తపు పోటు, మూత్రం, చిక్కబడుతున్న రక్తం, కడుపునొప్పి. రెండోది, వారం క్రితం జలుబు చేసి ఇప్పుడు ఒంటి మీద ఎర్రచుక్కలు తప్ప మరే బాధా లేక ఆడుకుంటున్న నాలుగేళ్ళ పాప. ఆ పాపకు చాలాసార్లు కనిపెట్టుకుని ఉండడమే వైద్యం. మూడోది, రక్తం కాన్సరుకు మందులు పడుతున్న మనిషి. మూలుగ ఎండిపోయి ఉంది, అంకె ఇంకా పడి 10 వేలకు దిగితే రక్తస్రావం లేకపోయినా ప్లేట్‌లెట్లు ఇవ్వాలి, జ్వరం వంటివి ఉంటే అంతవరకూ కూడా ఆగరు. నాలుగోది, కొంచెం మాట తడబడుతూ, కళ్ళు పచ్చబడి వచ్చిన నడివయసు స్త్రీ. గాజు పలక మీద ఆమె ఎర్రకణాలు పగిలిన కుండపెంకుల్లా ఉన్నాయి. అది టి.టి.పి. అనే అరుదైన జబ్బు కావచ్చు. ఆమెకు ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే మేలుకన్న కీడే జరగవచ్చు కనుక, ప్రాణాంతక రక్తస్రావముంటే తప్ప ఇవ్వరు. ఆమెకు కావలసినది ఆ పూటే ప్లాస్మా మార్పిడి. ఆలస్యమైతే ప్రాణం దక్కదు.

ఒకే 15 వేలు, నాలుగు నిర్ణయాలు. వీటిలో అన్నిటికన్న కష్టమైనది మొదటిదే, ఏమీ ఎక్కించకుండా ఉండడం. డెంగీ వార్డులో రాత్రి విధులలో ఉన్న కుర్ర వైద్యుడి చుట్టూ పదిమంది బంధువులు మూగి, "పక్క ఆసుపత్రిలో ఎక్కిస్తున్నారు, మీరెందుకు ఎక్కించరు?" అని నిలదీస్తుంటే, ‘అక్కరలేదు’ అనడానికి చదువొక్కటే చాలదు. ఎక్కించాక రోగికి ఏమైనా జరిగితే విధి అంటారు. ఎక్కించకపోతే నిర్లక్ష్యమంటారు. ఆ కుర్రవాడు లొంగిపోతే నేను పూర్తిగా తప్పుపట్టలేను. కాని లొంగని కుర్రవాళ్ళను కూడా చూశాను. వారు గంటకొకసారి మంచం దగ్గరకు వెళ్ళి నాడి చూసి, బంధువులకు ప్రతిసారీ రెండు ముక్కలు చెప్పి వస్తారు. వైద్యం చేయడం లేదన్న అపవాదు మంచం పక్కన నిలబడిన వైద్యుడి మీద అంత తేలికగా పడదు.

నా వాదనకు ఎదురువాదన ఉంది, అది న్యాయమైనదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఇంతమందికి ఎ2లు, ఫెరిటిన్లు, బి12లు చేయించడం జరిగే పనేనా? బయట వందమంది వరుసలో నిలబడి ఉంటే ఒక్కొక్కరిని కూర్చోబెట్టి చరిత్ర అడగడం సాధ్యమా? కాదు. గర్భిణులందరికీ, బడి పిల్లలందరికీ ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పంచడాన్ని నేను తప్పుపట్టడం లేదు. జనసమూహానికి అది మంచి విధానమే. సమూహానికి సరిపోయిన నిర్ణయం ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి సరిపోకపోతే, ఆ సంగతి గుర్తించే కన్ను మాత్రం ఉండాలి. నెలరోజులు మాత్రలు సక్రమంగా వేసుకున్నా హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగకపోతే, మాత్ర మార్చడం కాదు, ఆలోచన మార్చాలి. ఇది ప్రభుత్వ మార్గదర్శకాలలో ఉన్నదే, ఆచరణలో మాత్రం ఇనుము మాత్రల రంగూ కంపెనీ పేరూ మారుతూ ఉంటాయి.

ఖర్చు మాట కూడా పూర్తిగా నిజం కాదు. నేను అడుగుతున్నవాటిలో మొదటిది, అచ్చైన అంకెలన్నీ చదవడం. దానికి పైసా ఖర్చు లేదు. రెండోది గాజు పలక. మా శాలలో అన్నిటికన్న చవకైన పరీక్ష అది. ఒక చుక్క రక్తం, రెండు చెంచాల రంగు, పది నిమిషాల ఓపిక. యంత్రాలు వచ్చిన తరువాత దాన్ని చూసే అలవాటు తప్పిపోతోంది, చూడడం వచ్చినవారూ తగ్గిపోతున్నారు. మూడోది రెటిక్యులోసైట్లు, అంటే మూలుగ నుంచి అప్పుడే బయటికి వచ్చిన పసి కణాల లెక్క. మూలుగ పనిచేస్తోందా, చేతులెత్తేసిందా అన్నది అదొక్కటే సగం చెబుతుంది. ఇంత సులువైన పరీక్షను నెలకు ఎంతమంది అడుగుతారని మా చిట్టా తిప్పి చూస్తే, రెండు చేతుల వేళ్ళు ఎక్కువే అవుతాయి.

చివరగా మాకు వచ్చే చీటీల గురించి. ‘రోగ వివరాలు’ అన్న గడి ప్రతి చీటీలోనూ ఉంటుంది. నూటికి తొంభై చీటీలలో అది ఖాళీ. తక్కిన పదింటిలో ‘నీరసం’ అని ఉంటుంది. వయసు, ఎన్నాళ్ళ నుంచి, రక్తం ఎక్కడైనా పోతోందా, ఏ మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరికైనా ఉందా అని రెండు పంక్తులు రాస్తే, ఆ పలక మీద నేను ఏమి వెతకాలో నాకు తెలుస్తుంది. వైద్యులు రాయకపోతే, రోగులైనా మా కిటికీ దగ్గర రక్తం ఇచ్చేటప్పుడు నోటితో చెప్పండి. మా అటెండరు విసుక్కుంటాడు, ఫరవాలేదు, లోపలికి పిలిచి నేనే రాసుకుంటాను.